ఓడినవారు ఆ గదిలో పాఠం చెప్పరాదు

ముప్పై నాలుగేళ్ల మనిషి పదవీ విరమణ అనుభవాలు రాయబోతే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకెవరూ శాలువా కప్పలేదు, పింఛనూ లేదు. పన్నెండేళ్లపాటు చదరంగం పోటీలకు ఆర్బిటర్‌గా, అంటే ఆటకు న్యాయనిర్ణేతగా పనిచేసి, పోయిన వేసవిలో మానుకున్నాను. ఈ పనిలోకి రావాలనుకుంటున్న పిల్లలు కొందరు నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి, పరీక్షకు ఏం చదవాలని అడుగుతున్నారు. నియమావళి పుస్తకం చదివితే పరీక్ష గట్టెక్కుతారు. ఆ పుస్తకంలో లేనిది ఇక్కడ రాస్తున్నాను. అందులో ఎక్కువ భాగం నా పొరపాట్లే కావడం నాకు సంతోషం కలిగించే విషయం కాదు.

ముఖాముఖి

పోటీల్లో ఆర్బిటర్ పని సులువు. బల్లలు వేయించడం, గడియారాలు సరిచూడడం, గొడవపడేవాళ్లను మందలించడం. మా ప్రాంతంలో అసలు పని వేరే ఉంది. దాన్ని మేము ముఖాముఖి అంటాం. ఇద్దరి మధ్య పోటీ ముదిరి, ఊళ్లో మాటలు పెరిగి, ఎవరు చెప్పినా వినని దశ వచ్చినప్పుడు, ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి మూడు ఆదివారాల్లో ఆరు ఆటలు ఆడిస్తారు. ముందే ఒక షరతు రాసుకుంటారు. ఓడినవాళ్లు దానికి కట్టుబడాలి. ఏ పుస్తకంలోనూ లేని ఈ పద్ధతి గురజాల నుంచి మాచర్ల దాకా అందరికీ తెలుసు.

కోడిపందెం ఓడి రాజ్యం విడిచి వెళ్లినవాళ్ల కథ విని పెరిగిన నేల ఇది. పందెం కట్టి తేల్చుకోవడం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. ఆ కథ తర్వాత ఎంత నెత్తురు పారిందో కూడా మనకు తెలుసు కాబట్టి, కత్తులకు బదులు గుర్రాలూ ఏనుగులూ కదిలితే అంతకన్నా నాగరికత ఏముంటుందని నేను నమ్మాను. డిగ్రీలో నేను డిబేట్ పోటీల్లో ఆరితేరినదాన్ని. రెండు పక్షాలు, సమానమైన సమయం, ఒక నిర్ణేత, ఒక తీర్పు: లోకంలోని గొడవలన్నీ ఈ నాలుగింటితో తీరిపోతాయని ఇరవై రెండేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం.

టీకి వెళ్లే మనిషి

నాకు పని నేర్పినవారు సీతారామయ్యగారు. లెక్కల లెక్చరర్‌గా రిటైరై ఆర్బిటర్ అయ్యారు. ఆయనలో నాకు నచ్చనిది ఒకటి ఉండేది. ఆట సరిగ్గా చిక్కుబడే సమయానికి లేచి, "ఇప్పుడే వస్తానమ్మా, టీ తాగి" అని బయటికి వెళ్లిపోయేవారు. నిర్ణేత బల్ల వదిలి వెళ్లడం బాధ్యతారాహిత్యమని నేను ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

నేను ఆయన పక్కన సహాయకురాలిగా కూర్చున్న మొదటి ముఖాముఖి నడికుడిలో జరిగింది. ఇద్దరూ రైల్వే ఉద్యోగులే. ఒకాయన గేటు దగ్గర, రెండో ఆయన పట్టాల మరమ్మతులో. స్వయానా బావా బావమరుదులు. స్టాఫ్ పోటీలో ఎవరు మొదటివాడన్న పంతంతో ఆరేళ్లుగా మాటల్లేవు. ఓడినవాడు ఇక ఆ పోటీలో పేరు ఇవ్వకూడదన్నది షరతు.

మొదటి ఆదివారం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రెండో ఆదివారం గేటు ఆయన ఏనుగును ఊరికే వదిలేస్తే, బావమరిది ఆపుకోలేకపోయాడు.

"ఏంది బావా, గేటెయ్యడం మర్చిపోయావా? ఏనుగు పట్టాల మీదికొచ్చింది."

"మూసుకోని ఆడరా. నీ మంత్రి యాడుందో చూసుకో ముందు."

"నా మంత్రికేం? మా అక్క మాదిరి, యాడున్నా నిన్ను చూస్తానే ఉంటది."

ఆట సాగుతుండగా ఆటగాళ్లు మాట్లాడుకోకూడదు. నేను కాగితం మీద హెచ్చరిక రాయబోతే సీతారామయ్యగారు నా చేయి పట్టుకున్నారు. ఆరో ఆట నాటికి ఇద్దరికీ సమానంగా పాయింట్లున్నాయి. ఆయన యథాప్రకారం టీకి లేచారు. తిరిగి వచ్చేసరికి బల్ల మీద బలగమంతా అలాగే ఉండగా ఇద్దరూ డ్రా అని చేతులు కలిపి, గోంగూర పచ్చడి డబ్బా మూత తీస్తున్నారు.

బయటికి రాగానే నేను వాదించాను. "ఇది ముందే మాట్లాడుకున్న డ్రా. చెల్లదని రాయాలి సార్."

"వాళ్లు మాట్లాడుకుంటున్నారమ్మా. ఆరేళ్ల తర్వాత. దాన్ని తప్పు కింద రాస్తావా?"

"నియమం నియమమే కదా సార్."

"అవును. అందుకే నేను టీకి పోయింది."

ఆ మాట నాకు చాలా ఏళ్లపాటు కుంటిసాకులాగే వినిపించింది. ఆయన కాలం చేశాక జిల్లా చదరంగ సంఘంవాళ్లు ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నేను ఒక్కసారి కూడా టీకి వెళ్లలేదు. దానికి గర్వపడ్డాను.

మాచర్ల గది

ఇప్పుడు అసలు సంగతి. మాచర్లలో ఒక పాఠశాల పాత సామాన్ల గదిలో సాయంత్రాలు పిల్లలకు చదరంగం నేర్పేవారు. దాన్ని మొదలుపెట్టినవాడు గురవయ్య. వయసు అరవై దాటింది. బతుకంతా నాపరాళ్ల యార్డులో బండలు కోసి పాలిష్ పట్టినవాడు. విరిగిన బండ ముక్కల మీద ఆయనే గళ్లు గీసి పలకలు చేసేవాడు. పిల్లలు వాటి చుట్టూ నేల మీద కూర్చునేవారు. ఆయన దగ్గర చేరినవాళ్లకు నెలరోజులపాటు రాజు, బంట్లు తప్ప ఇంకో పావు చేతికివ్వడు. "ముందు నడక నేర్చుకోండి, దూకడం తర్వాత" అనేవాడు.

ఆ గదిలోనే చిన్నప్పుడు ఆట నేర్చుకున్న బాజీ, బోరు మోటార్లు బాగుచేసే షాపు పెట్టి, గుంటూరు పోటీల్లో గెలిచి పేరు తెచ్చుకున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పేరు విని కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలకు బాజీ చేత చెప్పించాలన్నారు. అతనూ అదే గదిలో వేరే జట్టును మొదలుపెట్టాడు. గది ఒకటి, సాయంత్రం ఒకటి, గురువులు ఇద్దరు. పిల్లల మధ్య ఎగతాళి మొదలైంది, పెద్దల మధ్య మాటలు లేచాయి. చివరికి జిల్లా పోటీలకు మాచర్ల నుంచి ఆటగాళ్ల జాబితాలు రెండు వచ్చాయి. హెడ్మాస్టరు విసుగెత్తి, ఎవరో ఒకరని తేల్చుకోకపోతే గదికి తాళం వేస్తానన్నాడు. ముఖాముఖి పెట్టమని రెండు వర్గాలూ అడిగితే సంఘంవాళ్లు నన్ను పంపారు.

మొదటి సమావేశంలో నేను అన్నీ అడిగాను. ఎన్ని నిమిషాల ఆట, తెల్లపావులు ముందు ఎవరికి, గడియారం ఎవరిది, చూసేవాళ్లు ఎంత దూరంలో కూర్చోవాలి. అందరూ తలలూపుతుంటే, మిరప కోతకు వెళ్లొచ్చి నెత్తిన తువ్వాలు కూడా తీయకుండా నిలబడ్డ ఒక తల్లి, పేరు సుబ్బులు, గుమ్మం దగ్గర నుంచి అడిగింది.

"ఇద్దరిలో బాజీ బాగా ఆడతాడని ఊరందరికీ తెలుసు మేడం. పిల్లకాయలకి ఎవరు బాగా చెప్తారో గదా తేలాల్సింది?"

ఎవరో నవ్వారు. "ఏమే సుబ్బులూ, నువ్వు గూడా ఆడతావా ఏంది?"

"నేను ఆడను. నా కూతురు ఆడతది. బళ్లో నోరు తెరవని పిల్ల, గురవయ్య పెదనాన్న దగ్గర కూకున్నాక నాకు ఇంట్లో పాఠం చెప్తంది. అందుకని అడుగుతున్నా."

నేను ఆమెకు ఇచ్చిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బోధనను కొలిచే ప్రమాణం మన దగ్గర లేదమ్మా. ఆటను కొలిచే ప్రమాణం ఉంది." చాలా చక్కగా కుదిరిన వాక్యం. డిబేట్‌లో అయితే చప్పట్లు పడేవి.

ఏ వాదంలోనైనా మొదట ప్రతిపాదన ఏమిటో తేల్చుకోవాలని నాకు కాలేజీలో నేర్పారు. ఆ రోజు ప్రతిపాదన ఏమిటో ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసు. ఆమె నోరు మూయించింది నేను.

తర్వాత షరతు. "ఓడినోళ్లు తప్పుకుంటారని రాయండి, సరిపోద్ది" అన్నారు పెద్దలు. అది అస్పష్టంగా ఉందని నేనే కలం తీసుకున్నాను. ఎంతకాలం తప్పుకుంటారు? పూర్తిగానా, పాక్షికంగానా? గెలిచినవారు పిలిస్తే? సందు లేకుండా రాశాను: ఓడినవారు ఆ గదిలో ఇకపై పాఠం చెప్పరాదు, గెలిచినవారు ఆహ్వానించినా సరే. గురవయ్య దాన్ని చదవలేదు. "యాడ పెట్టాలమ్మా?" అని అడిగి, నేను వేలు పెట్టిన చోట సంతకం చేశాడు. బాజీ చదివాడు. ఒకసారి నా వైపు చూసి, అతనూ చేశాడు.

ఆరో ఆట

మూడు ఆదివారాలు, రోజుకు రెండు ఆటలు. బాజీ సునాయాసంగా గెలుస్తాడని అందరూ అనుకున్నాం. ముసలాయన లొంగలేదు. అయిదు ఆటలకు చెరి రెండున్నర పాయింట్లు. ఆరో ఆటలో గురవయ్యవి తెల్లపావులు. బంటు ఒకటి ఎక్కువుంది, దాడి కూడా ఆయనదే. కాకపోతే గడియారంలో నిమిషంన్నర మిగిలింది.

ఇక్కడ పాత ఆట గురించి ఒక మాట చెప్పాలి. మన పల్లెల్లో మునుపు ఆడిన చదరంగంలో కోట కట్టడం, అంటే రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం, ఉండదు. దానికి బదులు, ఒక్కసారి కూడా చెక్ తగలని రాజు ఆట మొత్తంలో ఒకేసారి గుర్రంలా దూకవచ్చు. గురవయ్య ఆ ఆటతో పెరిగినవాడు. పోటీ నియమాలు నేర్చుకుని ఇరవై ఏళ్లయింది. ఏ ఒక్క రోజూ తడబడలేదు. ఆ నిమిషంలో మాత్రం, ఏనుగు అప్పటికే కదిలి ఉండడంతో కోట కట్టే వీలు లేక, ఆయన చేయి నలభై ఏళ్లు వెనక్కి వెళ్లింది. రాజును ఎత్తి గుర్రంలా దూకించి గడియారం నొక్కాడు.

బాజీ గడియారం ముట్టుకోలేదు. బల్ల మీదికి వంగి మెల్లగా అన్నాడు: "మామా, మన పాత ఆట ఆడావు. తీసుకో. వెనక్కి పెట్టి నీ ఇష్టం వచ్చింది ఆడుకో."

"అయ్యో, ఒరేయ్..." గురవయ్య నాలుక కరుచుకుని రాజును తిరిగి దాని గడిలో పెట్టాడు. ఇద్దరూ నవ్వారు. సీతారామయ్యగారు బతికి ఉంటే ఆ సమయానికి కచ్చితంగా వీధి చివర టీ బంకు దగ్గర ఉండేవారు.

నేను గడియారం ఆపాను. చెల్లని ఎత్తు వేసినందుకు బాజీకి రెండు నిమిషాలు కలిపాను. ముట్టిన పావునే కదపాలన్న నియమం ప్రకారం గురవయ్య రాజునే కదపాలని చెప్పాను. రాజుకు మిగిలింది ఒకే ఒక్క గడి. అందులో అడుగుపెడితే బాజీ గుర్రం చెక్ చెప్పి ఏనుగును తీసుకుంటుంది.

"నాకేం అభ్యంతరం లేదు మేడం," అన్నాడు బాజీ. "వదిలెయ్యండి."

"మీ అభ్యంతరంతో పని లేదు. నియమం ఇద్దరికీ ఒకటే."

"నాకే గదా లాభం? ఆ లాభం నాకొద్దంటన్నా గదా."

"ఆడరా బాజీ," అన్నాడు గురవయ్య. "ఆయమ్మ చెప్పింది కరెక్టే. ముట్టా గదా."

రాజును ఆ గడిలోకి జరిపాడు. బాజీ చాలాసేపు ఆడలేదు. చివరికి ఆడాడు. పదిహేను ఎత్తుల్లో ఆట ముగిసింది. గురవయ్య మొలతాడుకు కట్టుకున్న గది తాళంచెవి విప్పి, బాజీ చేతికి ఇవ్వకుండా, నా ముందు బల్ల మీద పెట్టి వెళ్లాడు.

నా నిర్ణయం తప్పని ఇప్పటికీ ఏ నియమావళీ అనదు. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. అది నిజమే కాబట్టి ఉంచుతున్నాను. మీరు దీన్ని నా సమర్థనగా తీసుకోవద్దు.

బాజీ రావడం

మూడు నెలలు గడిచాక బాజీ నరసరావుపేట వచ్చి మా ఇంటి తలుపు తట్టాడు. చేతులకు మోటారు గ్రీజు ఇంకా ఉంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పిల్లలు రావట్లేదు మేడం. నా దగ్గర ఓపెనింగులు నేర్చుకుంటారు, ఓడిపోతే ఏడుస్తారు, మానేస్తారు. ఓడినోణ్ణి కూకోబెట్టి మళ్లీ ఆడించడం మామకి వచ్చు, నాకు రాదు. సాయంత్రాలు ఆయన్ని రమ్మందామని."

"ఆయన ఏమన్నారు?"

"ఇంకా అడగలా. కాయితంలో పిలవకూడదని ఉంది గదా. మీరు ఊ అంటే పోయి అడుగుతా."

ఒక్క అక్షరం. నేను అది అనలేదు. ఈ షరతు ఇప్పుడు సడలిస్తే రేపు ఏ ముఖాముఖికీ విలువ ఉండదని, ఓడిన ప్రతివాళ్లూ మూడు నెలలకు తిరిగి వస్తారని, న్యాయం మనుషుల ముఖం చూసి మారకూడదని అతనికి అరగంట వివరించాను. బాగా మాట్లాడానని కూడా అనుకున్నాను. బాజీ అంతా విన్నాడు.

"చదువుకున్నోళ్లు, మీరు చెప్తే సరే మేడం," అని వెళ్లిపోయాడు.

అతనికి నా అనుమతి అవసరం లేదు. ఆ కాగితానికి చట్టంలో ఏ విలువా లేదు. నా మీద గౌరవంతో అడగడానికి వచ్చాడు. ఆ గౌరవాన్నే నేను గదికి గడియగా వేశాను.

మీకు చెప్పాల్సింది

ముఖాముఖి పెట్టమని ఎవరైనా వస్తే, బల్ల వేయకముందే ఒక ప్రశ్న అడగండి: ఈ ఇద్దరిలో ఎవరు బాగా ఆడతారన్నదేనా మీ తగువు? అవునంటే ఆడించండి. అది చదరంగం చక్కగా తేల్చగలదు. కాదంటే, పొలం గట్టయినా, గది తాళమైనా, మర్యాద అయినా సరే, పావులు పెట్టెలోంచి తీయకండి. నడికుడి బావా బావమరుదుల తగువు ఆట గురించే. మాచర్ల తగువు పిల్లల గురించి. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టాను.

షరతులు రాసేటప్పుడు పెద్దలు మాటలను వదులుగా ఉంచితే, తెలివితక్కువతనం అనుకోకండి. తిరిగి రావడానికి దారి ఉంచుతున్నారేమో చూడండి. నియమం విషయంలో నేను సీతారామయ్యగారిలా టీకి వెళ్లమని చెప్పను. నాకు ఇప్పటికీ అది పూర్తిగా నచ్చదు. నిర్ణేత అన్నాక బల్ల దగ్గరే ఉండాలి. కానీ ఆట ముగిశాక కూడా నిర్ణేతగానే ఉండిపోవడం నేను చేసిన తప్పు. బాజీ మా ఇంటికి వచ్చిన రోజు అక్కడ బల్ల లేదు, గడియారం లేదు. నేనే వాటిని ఊహించుకున్నాను.

పోయిన వేసవి

బాజీ వచ్చి వెళ్లిన రెండేళ్లకు నాకు ధైర్యం వచ్చింది. షరతును రద్దు చేస్తున్నట్టు ఒక కాగితం రాసుకుని మాచర్ల బస్సెక్కాను. ముందు బాజీ షాపుకు వెళ్లాను. విప్పిన మోటారు ముందు కూర్చుని ఉన్నాడు. కాగితం చదివి సంతకం చేశాడు.

"గది ఎలా ఉంది?" అని అడిగాను.

"బళ్లోవాళ్లు బియ్యం బస్తాలు పెట్టుకుంటన్నారు. నేను మానేసి ఏడాది దాటింది మేడం."

"గురవయ్యగారు?"

"ఇంటికాడే ఉంటాడు. ఈ దారిన పోయేటప్పుడు తలొంచుకోని పోతాడు. నేనూ తలొంచుకోని పని చేసుకుంటా."

గురవయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. యార్డు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి, రెండు మాటలకొకసారి ఆయాసపడుతున్నాడు. నన్ను వెంటనే గుర్తుపట్టి, లోపలికి చూసి మంచినీళ్లు తెమ్మన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. రాజు సంగతి, కాగితం సంగతి, బాజీ నా దగ్గరికి వచ్చిన సంగతి, అన్నీ చెప్పాను. ఆ చివరి సంగతి ఆయనకు తెలియదు.

"బాజీ వచ్చాడా, నన్ను పిలుస్తానని?"

"వచ్చాడు. నేను వద్దన్నాను."

"నాలుగు నెలలు ఎదురుచూశానమ్మా, వాడొచ్చి పిలుస్తాడని. ఆ కాయితాలదేముందిలే, నాలుగు రోజులు పోతే వాడే వస్తాడు అనుకున్నా. ఇక రాకపోయేసరికి, గెలిచినోడు గదా, మారిపోయాడనుకున్నా."

"ఇప్పుడు వెళ్లవచ్చు మీరు. షరతు రద్దయింది."

"ఎవరికి చెప్పనమ్మా? సుబ్బులు కూతురు పదో తరగతికి రాకముందే మిరప కోతకు పోతంది. మిగతావాళ్లు యాడున్నారో తెలవదు." ఆయాసం తగ్గేదాకా ఆగాడు. నా చేతిలో కాగితం చూశాడు. అంత దూరం నుంచి వచ్చినదాన్ని నొప్పించకూడదని కాబోలు, చేయి చాచాడు.

"సరే, ఇయ్యి. యాడ పెట్టాలమ్మా?"

నేను వేలు పెట్టి చూపించాను. ఈసారి కూడా ఆయన చదవలేదు.